ఆరేళ్ల చీటీ

మా బాబాయి పెద్దల సభలో, అంటే శాసనమండలిలో, బంట్రోతు. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే పనిచేశాడు. తలుపు తీయడం, గంట కొట్టడం, సభ్యుడు చేయెత్తితే మంచినీళ్లు అందించడం. ఇంట్లో పిన్ని మంచినీళ్లడిగితే మాత్రం చెవుడొచ్చేది. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకునేవారు. ఆ మంచితనమే కొంప ముంచిందని నేనంటాను.

ఆ సభ సంగతి కొంచెం చెప్పాలి. కింది సభ గడువు తీరితే అందరూ ఒక్కసారే ఇంటిదారి పడతారు. పెద్దల సభ అలా రద్దవదు. అందులో ఒక్కొక్కరికి ఆరేళ్ల పదవి. రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతే కొత్తవాళ్లొస్తారు. కొందరిని స్థానిక సంస్థలవాళ్లు ఎన్నుకుంటారు, కొందరిని పట్టభద్రులు, కొందరిని ఉపాధ్యాయులు, కొందరిని కింది సభవాళ్లు. మిగిలినవాళ్లను గవర్నరు నియమిస్తారు. బాగానే ఉంది. కానీ సభ కొత్తగా పెట్టిన ఏడు అందరూ కలిసే వచ్చారు కదా, మరి రెండేళ్లకు దిగిపోయే ఆ మూడోవంతు ఎవరు? అందుకని చీటీలు వేశారు. ఎవరికి రెండేళ్లు, ఎవరికి నాలుగు, ఎవరికి ఆరు అన్నది చీటీయే తేల్చాలి.

చీటీలు తీయడానికి కార్యదర్శిగారు బాబాయిని పిలిచారు. "నీకు ఏ పార్టీ గొడవా లేదు. నువ్వే తియ్యి" అన్నారు. బాబాయి పొంగిపోయాడు. ఆ పొంగులో చెప్పాల్సిన మాట ఒకటి మింగేశాడు. ఉపాధ్యాయులు ఎన్నుకున్న ముగ్గురిలో ఒకరు ఆయనకు అక్షరాలు దిద్దించిన మాస్టారు.

అరవై దాటాక మాస్టారు ఎన్నికల్లో నిలబడింది ఒకే ఒక్క పని కోసం. పిల్లలు తక్కువున్నారని బడులు మూసేయకూడదని చట్టం తేవాలి. మూసేయాల్సిన బడుల చిట్టా అప్పటికే ఆఫీసులో తయారైంది. అందులో మొదటిది ఆయన పాఠాలు చెప్పిన బడే. అక్కడ మిగిలింది పదకొండుమంది పిల్లలు. మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లుకు వారంలో ఒక్క పూట దొరికితే గొప్ప. అది కమిటీకి పోవాలి, తిరిగి రావాలి, ఇక్కడ గట్టెక్కితే కింది సభలోనూ గట్టెక్కాలి.

"మూడునాలుగేళ్లు పడుతుందిరా. రెండేళ్లే వస్తే మాత్రం నా పని అయిపోయినట్టే" అన్నారు మాస్టారు, చీటీలు తీసే ముందురోజు మెట్ల దగ్గర.

ఆ మధ్యాహ్నం చీటీలు కత్తిరించి మడిచింది బాబాయే. ఉపాధ్యాయుల డబ్బాలోకి మూడు చీటీలు. ఆరు అని రాసినదాని మూల కత్తెరకు కాస్త తెగింది. ఇంకొకటి రాయొచ్చు. ఎవరు చూడొచ్చారులే అనుకుని డబ్బాలో వేసేశాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. ఆ ముగ్గురిలో మాస్టారి పేరే మొదట పిలిచారు. బాబాయి డబ్బాలో చెయ్యి పెట్టాడు. పెట్టీ పెట్టగానే వేళ్లకు తెగిన మూల తగిలింది. ఆయన వెతకలేదు. దానంతట అదే చేతికొచ్చింది. కానీ అది ఆరని తెలుసు, పిలిచిన పేరు ఎవరిదో తెలుసు. తెలిసి తీస్తే దొంగతనమే అనుకున్నాడు. దాన్ని వదిలేసి పక్కది తీసిచ్చాడు.

"రెండు సంవత్సరాలు" అని చదివారు కార్యదర్శిగారు.

ఆరేళ్లు మూడో ఆయనకు దక్కాయి. హాజరు పుస్తకంలో సంతకం పెట్టి కాంటీన్‌కు పోయే రకం ఆయన. ఆరేళ్లలో ఆ సంతకానికి మాత్రం లోటు చేయలేదు.

మాస్టారు తిరగని గది లేదు. అయినా ఆయన గడువు తీరేనాటికి బిల్లు కమిటీలోనే ఉంది. తెచ్చినాయన దిగిపోతే ఇక దాన్ని పట్టించుకునేదెవరు? ఆఖరి రోజు సంచీ సర్దుకుని వస్తుంటే, తలుపు దగ్గర బాబాయి ఆపి అంతా చెప్పేశాడు.

మాస్టారు ఆగి అడిగారు.

"ముందు చేతికి తగిలింది అదేనా?"

"అదేనండి. నేను వెతకలేదండి."

"ఇంకొకరి పేరు పిలిచుంటే ఏం చేసేవాడివి?"

"తీసి ఇచ్చేసేవాణ్ణండి."

"మరి నాకెందుకు ఇవ్వలేదురా?"

"మీరు నా మాస్టారు కదండీ. నలుగురూ ఏమనుకుంటారోనని..."

"నీకు నేను అక్షరాలే నేర్పినట్టున్నాను" అని మాస్టారు మెట్లు దిగి వెళ్లిపోయారు.

నిజాయితీగానే చేశాడని పిన్ని ఇప్పటికీ వెనకేసుకొస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకలా చేశావని ఒకసారి ఆయన మొహం మీదే అడిగేశాను. బాబాయి తల దించుకున్నాడు. అడిగినందుకు నాకే ఏడుపొచ్చింది.

మాస్టారు దిగిపోయిన ఏడే ఆ బడి మూసేశారు. బల్లలు బండికెక్కిస్తున్న రోజున బాబాయి సెలవు పెట్టి వెళ్లాడు. పదకొండుమందిలో ఏడుగురు దూరపు బడిలో చేరారు. నలుగురు చదువు మానేశారు. ఆ నలుగురి పేర్లూ బాబాయి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.