తోక ఉన్న పుట్టకొక్కు

నా పేరు కొమురమ్మ. వయసు అరవై దాటింది. వరంగల్‌లో మగ్గాల వాడలో ఒక్కదాన్నే ఉంటాను. వానాకాలం చెదపుట్టల మీద గొడుగుల్లా మొలిచే పుట్టకొక్కులు ఏరి అమ్ముతాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అర్జీలు రాసే ఆయన రాస్తున్నాడు. సోమవారం మా ఎదురింటి సారు చనిపోయాడు. నా కొక్కులు తినే పోయాడని వాడంతా అంటున్నది.

సారు బడిలో సైన్సు చెప్పేవాడు. గంప దించగానే ఒక్కొక్క కొక్కునూ తిప్పి చూసేవాడు.

"తోకేదవ్వా?"

"గిదిగో, జానెడున్నది. పుట్ట లోపటిదాంక తవ్వి తెచ్చిన. తోక లేనిది ఇసపుది, దాన్ని నేను ముట్ట సారూ."

ఒకనాడు నా గది బయటి గోడ మీద సుద్దముక్కతో పెద్ద చేపలాంటిది గీశాడు. "నీలి తిమింగలం. చేప కాదవ్వా, పిల్లకు పాలిస్తది. లోకంల దీన్ని మించిన జీవం లేదు." దాని పక్కనే కొక్కును గీశాడు.

"దీనికీ దానికీ ఏం పొత్తు సారూ? పరాచికమా?"

"రెండూ పైకి జరంతే కనబడ్తయి. అది నీళ్ల కింద, ఇది మన్ను కింద. అంత పెద్దది చిటికెనవేలంత రొయ్యలసొంటివి తిని బతుకుతది. నీ కొక్కును చెదలు సాకుతయి. పెద్దోళ్లను బతికించేది చిన్న పానాలే అవ్వా."

నన్ను మనిషిగా కూర్చోబెట్టి మాట్లాడింది ఆయన ఒక్కడే.

ఆదివారం నా కొక్కులు కూర వండింది సారు భార్య. సారు తిన్నాడు, ఆమె తిన్నది, నాకూ గిన్నెడు ఇచ్చింది. తెల్లారి బడిలో సారుకు గుండె పట్టేసింది. దవాఖానకు చేరకముందే అయిపోయింది. ఆయన ఏండ్లుగా గుండెకు గోలీలు మింగుతున్నాడని ఈ వాడలో తెలియనిదెవరికి?

చివరి చూపుకు పోతే మగ్గాల మేస్త్రి అడ్డం నిలబడ్డాడు.

"సంపినదానివి, మళ్ల సూడనీకొచ్చినవా ముసల్దానా?"

"ఇసమే అయితే నేనెట్ల బతికున్నరా?"

సారు భార్య తల ఎత్తలేదు. బిడ్డా, నీ దుఃఖం నాకు తెలుసు. కానీ నువ్వూ తిన్నావు. ఆ ఒక్క మాట అను. నన్ను వాడ విడిచి పొమ్మంటున్నారు. పోతే, చంపి పారిపోయిందంటారు. ఉంటే నా గంప ముట్టేవాళ్లు లేరు. నీ నోటి మాట తప్ప నాకు దిక్కు లేదు.

నిన్న ఉరిమింది. ఉరుముకే కొక్కులు లేస్తాయి. ఇవ్వాళ పొద్దున్నే పోయి, తోక తెగకుండా ఒక్క కొక్కు తవ్వి తెచ్చి ఆమె గడప మీద పెట్టాను. అది నల్లబడుతున్నది. తలుపు తెరుచుకోలేదు. వాన జల్లుకు నా గోడ మీది తిమింగలం వీపు కరిగిపోయింది, కొక్కు గొడుగూ పోయింది. రెండు తోకలే మిగిలాయి. వాటికి గోనెసంచి అడ్డం కట్టి కూర్చున్నాను.

ఇది కొమురమ్మ వేలిముద్ర.

సాక్షి: నా పక్కన కూరగాయలు అమ్మే లచ్చమ్మ.

రెండో సాక్షి జాగా ఖాళీగా ఉంచమన్నాను. అది సారు భార్యది.