ఏసోబు వెయ్యని వేలిముద్ర

1946 వేసవి. గురజాల తాలూకాలో నాపరాయి క్వారీల పక్కనున్న ఒక పల్లెలో, మిషన్ వారి ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలుకు నేను హెడ్మాస్టర్ని. ఎయిడెడ్ అంటే బడి మిషన్‌ది, జీతంలో కొంత సర్కారు గ్రాంటు. హెడ్మాస్టరన్న పేరే గానీ గంట కొట్టేదీ నేనే, పాఠం చెప్పేదీ నేనే, ఆదివారం అదే గదిలో ప్రార్థన జరిగితే వాక్యం చదివేదీ నేనే. నా భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. బడి వెనక గదిలో ఒక్కణ్ణే వండుకు తినేవాణ్ణి.

ఆ ఊళ్లో నాకు మనిషంటూ ఉంటే ఏసోబు. క్వారీలో రాయి కొట్టేవాడు, సంఘపెద్ద. ఆయనకు చదువు రాదు, ఇంటికి ఏ కాయితం వచ్చినా నేనే చదివి పెట్టేవాణ్ణి. పొద్దుగూకే వేళకు బడి అరుగు మీదకొచ్చి కూర్చుని, బైబిల్లో ఒక అధ్యాయం చదివించుకుని పోయేవాడు. ఆయన కొడుకు దానియేలు. తల్లి లేని పిల్లవాడు. నా దగ్గరే అక్షరాలు దిద్ది, నరసరావుపేటలో స్కూల్ ఫైనల్ పాసయ్యాడు. మా పల్లెలో అంతవరకు చదివినవాడు వాడొక్కడే. నా కడుపున పుట్టినవాడే అన్నంత గర్వంగా ఉండేది నాకు.

వాడికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఒక్క కాయితం మిగిలింది, ఏజ్ డిక్లరేషన్. ఫలానా తేదీన నా కొడుకు పుట్టాడని తండ్రి ఇచ్చే వాంగ్మూలం అది. తండ్రి వేలిముద్ర, కింద సాక్షిగా హెడ్మాస్టరు సంతకం ఉండాలి. సోమవారం టపాలో పోవాలి.

మా పంతుళ్ల ఆనవాయితీ ఒకటి ఇక్కడ చెప్పాలి. గొడ్లు కాసి ఆలస్యంగా బడికొచ్చిన పిల్లలకు అడ్మిషన్ రిజిస్టర్లో రెండు మూడేళ్లు తగ్గించి రాసేవాళ్లం, రేపు ఉద్యోగాలకు పనికొస్తుందని. అదొక ఉపకారం అనుకునేవాళ్లం. దానియేలు తొమ్మిదో ఏట వస్తే ఆరు అని రాశాను. ఏసోబుకు చెప్పలేదు. అసలు వయసు లెక్కన వాడు ఆ ఉద్యోగానికి ఏడాది మించిపోయాడు.

అలవాటు కొద్దీ, దానియేలు పక్కనుండగా, ఏసోబుకు ఆ కాయితం చదివి వినిపించసాగాను. సంవత్సరం దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"అది తప్పు పంతులుగారూ. నేను బాప్తిస్మం పుచ్చుకున్న పొద్దు ఈడు నా సంకలో ఉన్నాడు. మిషన్ అయ్యగారు నా నెత్తిన నీళ్లు పోసి, ఆ చేత్తోనే ఈడి నెత్తినా పోశాడు. ఇద్దరి పేర్లూ ఒకే తేదీన రాసుకున్నాడు. ఈడు మూడేళ్ల తర్వాత పుట్టాడంటే, ఆ పొద్దు నా సంకలో ఉన్నదెవరు?"

"అది సంఘం పుస్తకం ఏసోబన్నా, ఇది సర్కారు కాయితం. ఉద్యోగానికి అందరూ చేసేదే."

"ఉద్యోగం నాకు మాత్రం చేదా? నా మాదిరి ఈడూ రాయి కొట్టాలని ఉంటదా? అబద్ధమాడి బతకొద్దని చిన్నప్పట్నించీ చెప్పుకొచ్చా. ఈడికి ఇచ్చేందుకు నా కాడ ఇంకేం లేదు. దాన్నీ నా చేత్తోనే చెరపమంటారా?"

"నీ నీతి కూడు పెడుద్దా నాయనా?" అని అరిచాడు దానియేలు. ఏసోబు లేచి వెళ్లిపోయాడు. నాకూ ఒళ్లు మండింది. వేలిముద్ర వేసేవాడికి ఇంత పట్టుదలేమిటి అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అచ్చం అలాగే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం దానియేలు ఒక్కడే వచ్చాడు. "ఎవరి ఏలైతే ఏంది మాస్టారూ? ఆళ్లొచ్చి చూస్తారా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను తలుపు దగ్గరికి వేసి, ఇంకుప్యాడ్ తీసి, నా ఎడమ బొటనవేలు అద్ది వేశాను. గీతలన్నీ తేటగా పడ్డాయి. రాయి కొట్టి కొట్టి ఏసోబు వేళ్లకు గీతలు ఎప్పుడో అరిగిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. కింద సాక్షిగా సంతకమూ పెట్టాను. వాడు ఆ పూటే గురజాల పోయి దాన్ని టపాలో వేసి వచ్చాడు.

వేలికంటిన ఊదారంగు ఇంకు చింతపండుతో తోమినా పోలేదు. మర్నాడు ప్రార్థనలో ఏసోబు ఎప్పట్లాగే నా పక్కన చాప మీద కూర్చున్నాడు. నేను కీర్తన పుస్తకం పట్టుకుని ఆయనకు చరణాలు అందిస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన పాట ఆపేశాడు. నా వేలి వంక చూశాడు, తర్వాత నా మొహం వంక చూశాడు. అందరూ వెళ్లాక నేనే అంతా చెప్పి, క్షమించమన్నాను.

"క్షమించకుండా ఎట్టా కుదురుద్ది పంతులుగారూ, మేం క్షమించినట్టే మమ్మల్ని క్షమించమని రోజూ చేసుకునే ప్రార్థనలోనే ఉంది గదా," అన్నాడు. చాప చుడుతూ, "నాకు నావాళ్లంటూ ఉన్నది ఇద్దరే. ఆడూ, మీరూ. ఒక్క కాయితం మీద ఇద్దర్నీ పోగొట్టుకున్నా," అన్నాడు.

దానియేలుకు ఉద్యోగం వచ్చింది, బాగానే పైకొచ్చాడు. ఏసోబు నన్ను ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు. ఎదురైతే వందనాలు చెప్పేవాడు. అరుగు మీదకు మాత్రం మళ్లీ రాలేదు. ఆ వేళకు నేను బైబిలు తెరుచుకుని, చదవబుద్ధి కాక ఊరికే కూర్చునేవాణ్ణి. కొడుకు ఉత్తరం వస్తే ఆయన బడి ముందు నుంచే నాలుగు మైళ్లు నడిచి గురజాల పోయి, అక్కడెవరి చేతనో చదివించుకుని వచ్చేవాడు. ఆ నడక చూసిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పిల్లవాడి వయసూ తగ్గించి రాయలేదు. ఈ పంతులికి పిల్లల బాగు పట్టదని తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పది ఆజ్ఞలు దానియేలు చేత వల్లె వేయించింది నేను. వాటిని నమ్మి వాణ్ణి పెంచింది, అక్షరం రాని ఏసోబు. ఆయన ఇరవై ఏళ్ల పెంపకాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో చెరిపేశాను. తండ్రి కాదన్న పని నేను చేసి పెడతానని నమ్మి వాడు నా గుమ్మంలోకి వచ్చినప్పుడు, నాకు లోలోపల సంతోషం కలిగింది. ఆ క్షణం వాడు నా కొడుకయ్యాడు. వేలిముద్ర సంగతి దేవుడు క్షమించాడనే నమ్ముతాను. ఆ సంతోషం సంగతి మాత్రం ఇంతవరకు ఆయన ముందు నోరు విప్పి చెప్పుకోలేకపోయాను.