భర్తీ చేయని ఉద్యోగంలో మా చెల్లెలు

మా చిన్న చెల్లెలు పోయిందన్న కబురు ఆత్మకూరులో నేను ప్రార్థన ముగించి లేస్తుండగా వచ్చింది. నగరంలో ఒక విశ్వవిద్యాలయంలో తను విమానయాన చట్టం చెప్పేది. ఉదయం క్లాసు ముగించి స్టాఫ్ రూములో కూర్చుందట. గుండె ఆగింది. "టీ ముట్టనే లేదు ఆంటీ, పిలిస్తే పలకలేదు" అని ఫోనులో ఒక విద్యార్థిని ఏడ్చింది. మా ఊరు ఉదయగిరికి తెచ్చి అమ్మ సమాధి పక్కన పెట్టాము.

అమ్మ పోయేటప్పటికి తనకు బడి ఈడు కూడా లేదు. నేనే పెంచాను. అందుకని ఈ మాటలు నేనే రాయాలి. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

విమానానికి చట్టమేందని ఊళ్లో అందరూ అడిగేవారు. సెలవులకు వచ్చినప్పుడు అన్నాల దగ్గర చెప్పేది. మా ఊళ్లో చెక్కే కొయ్య స్పూను తన చేతిలో విమానం. మా కంచాలు దేశాలు. స్పూను నాయన కంచం అంచున ఆగేది.

"నాయనా, నీ దేశం మీద నుంచి పోవాల. పోవచ్చునా?"

"నా కంచం పైన గాలి కూడా నాదేనా మే?"

"నీదే. నువ్వు పొమ్మంటేనే పోవాల."

"మరి మన చేని పైన?"

"అది సర్కారుది."

"కంచానికుండే మర్యాద చేనికి లేదే" అని నాయన నవ్వేవాడు. తర్వాత చెయ్యి ఊపి, "సరే, పో తల్లీ" అనేవాడు. అప్పుడు గాని స్పూను కదిలేది కాదు. అందాకా మేమెవరమూ ముద్ద ఎత్తకూడదు.

క్లాసులో కూడా ఇట్లాగే స్పూను చూపి, మా మాటతోనే చెప్పేదట. "విమానంలో పెట్టె పోగొట్టుకున్నోడి పక్కన నిలబడి చట్టం చదవండి. కంపెనీ పక్కన నిలబడేదానికి చానామంది ఉండారు" అనేదట.

అనంతసాగరం వైపు ఒకామె భర్త కువైట్‌లో చనిపోతే, శవం కోసం ఆమె ఎదురుచూపులకు అంతు లేకపోయింది. మా చెల్లెలు ఆ ఇంటికి వెళ్లి వచ్చి రెండు రోజులు సరిగా తినలేదు. "మనిషిగా ఎక్కినాడక్కా. సరుకుగా దిగినాడు. కాయితాల్లో సరుకనే రాసినారు. నేను రాయాల్సింది దీని మీదనే" అంది. పరిశోధన అంతా అటే సాగింది.

ఆ కోర్సుకు ఏమేం పాఠాలుండాలో రాసిచ్చింది తనే. అయినా ఏటేటా గెస్ట్ ఫ్యాకల్టీయే. చివరికి బోధన, పరిశోధన కలిపి పర్మినెంటు ఉద్యోగం ఒకటి ప్రకటించారు. ఇంటర్వ్యూకు నేనూ తోడు వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

"ఏం అడిగినారుమే?"

"మీ ఉదయగిరిలో విమానం దిగతాదా అని అడిగి నవ్వినారు."

"నువ్వేమన్నావు?"

"దిగదు సార్, మా నెత్తి మీద నుంచే పోతాది, అందుకే చదివినాను అన్నా. ఆ తర్వాత వాళ్లు నవ్వలేదక్కా. అదే తప్పయింది."

తగిన అభ్యర్థి ఎవరూ లేరని తేల్చి ఆ ఉద్యోగాన్ని ఖాళీగా ఉంచారు. సెలవులు కాగానే అదే పాఠం అదే గదిలో చెప్పమని తననే పిలిచారు. మళ్లీ గెస్ట్‌గానే.

"పోవద్దుమే" అన్నాను.

"పిల్లోళ్లేం చేసినారక్కా" అని బస్సెక్కింది. పోయేదాకా ఆ పాఠం చెబుతూనే ఉంది.

ఉద్యోగానికి తగని మనిషి పాఠానికి ఎట్లా తగింది? ఈ మాట రోజూ దేవుని ముందు పెడుతున్నాను. శత్రువుల కోసం ప్రార్థించమన్నాడు ప్రభువు. చేస్తున్నాను. పేరుపేరునా చేస్తున్నాను.

మా ఇంటివారిని ఓదార్చేదానికి పెట్టిన ఆదరణ కూడికకు ఆ ఇంటర్వ్యూ చేసిన పెద్దల్లో ఒకాయన కారులో వచ్చాడు. ఫోటో ముందు పూలచక్రం పెట్టాడు. దాని రిబ్బను మీద 'ప్రొఫెసర్' అని మా చెల్లెలి పేరుకు ముందు అచ్చు వేయించారు. రిబ్బను విప్పి, మడిచి, ఆయన చేతిలో పెట్టాను.

"గౌరవంగా తెచ్చినామమ్మా" అన్నాడు.

"గౌరవమే సార్. బతికుండగా ఇయ్యలేదు. ఇప్పుడు తీసుకునేదానికి మా చెల్లెలు లేదు."

పూలు మాత్రం ఉండనిచ్చాను. పూలేం చేశాయి.

చనిపోయినవారి జీవిత విశేషాలు ఇంటి పెద్ద చదవడం మా సంఘంలో వాడుక. "టీచరుగా పనిచేసిందని చదివితే చాలమ్మా, యూనివర్సిటీ సారు కూడా వచ్చుండారు" అని పాస్టరుగారు మెల్లగా చెప్పారు. ఉన్నది ఉన్నట్టు చదివాను. "మా చెల్లెలు గెస్ట్ ఫ్యాకల్టీగా మరణించింది. తను చెప్పిన పాఠానికి తగినవారే లేరని తేల్చిన పెద్దల్లో ఒకరు మన మధ్య కూర్చుని ఉన్నారు. వారిని ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. ఆయన కూడా అన్నాడు. భోజనానికి ఆగలేదు.

నగరం నుంచి వచ్చిన చెల్లెలి విద్యార్థులు అన్నాల దగ్గర నాయనకు ఎదురుగా కూర్చున్నారు. నాయన కొయ్య స్పూను తెప్పించుకుని తన కంచం అంచున పట్టుకున్నాడు. పిల్లలకు అర్థమైంది. ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

"పొమ్మను నాయనా" అన్నాను.

ఆయన చెయ్యి ఊపలేదు. కంచం అంచున స్పూను అట్లాగే ఉంది.