ఆ జబ్బు మా పుట్టింటిది

పద్దెనిమిదేండ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తాండాను. ఇంట్లో వాళ్లకు చెప్పిందాకా అన్నం సయించలేదు. చెప్పినాక కూడా ఎవరో ఒకరి ముందర మొదటి నుంచీ చెప్పుకోవాలనిపిస్తాంది. మీరెవరో నాకు తెలీదు. అదే మేలు.

మాది మాధవరం. మా నాయనకు ఒక కన్ను లేదు. చిన్నప్పుడు ఎద్దు పొడిచిందని ఊరంతా అనుకునేది. నా పెండ్లి కుదిరినాక ఆయనే నిజం చెప్పినాడు. పసితనంలో కంట్లో గడ్డ లేస్తే బళ్లారిలో కన్ను తీసేసినారంట. ఆయన తమ్ముడు అదే జబ్బుతో మూడేండ్లకే పోయినాడంట. "అత్తగారింట ఈ మాట ఎత్తొద్దు తల్లీ" అన్నాడు. ఎత్తలేదు.

మా ఆయనది ఎమ్మిగనూరు, మగ్గం పని. మా మొదటి పాపకు రెండేండ్లు నిండకముందే ఎడమకన్ను లోపల తెల్లగా మెరిసింది, పిల్లికన్ను మాదిరి. చూసిన పొద్దే నాకు తెలిసిపోయింది. ఆదోనిలో రైలెక్కి మద్రాసు పోయినాము. కంట్లో క్యాన్సరన్నాడు డాక్టరు. కన్ను తీస్తే పిల్ల బతుకుతుందన్నాడు. తర్వాత నన్ను అడిగినాడు.

"మీ ఇళ్లలో ఎవరికైనా చిన్నప్పుడు ఇట్లా వచ్చిందా అమ్మా? ఉంటే చెప్పు. తర్వాత పుట్టే బిడ్డను మొదటి నెల నుంచే చూడాల్సి ఉంటుంది."

మా ఆయన పక్కనే నిలబడినాడు.

"లేదు సార్" అన్నాను.

డాక్టరు అడిగింది నా పరువు గురించి కాదు, ఇంకా పుట్టని నా బిడ్డ గురించి. అది అర్థం కానంత తెలివితక్కువదాన్నా? కాదు. భయం. పుట్టింటికి పంపించేస్తారేమోనని భయం.

పాప బతికింది. ఆ డాక్టరు చేతులకు ఈనాటికీ దండం పెట్టుకుంటాను. కానీ ఊళ్లో జనానికి ఒక కారణం కావాలి గదా. మా ఆడబిడ్డ ఈరమ్మకు మెల్లకన్ను. ఆ ఇంటి కండ్లే అంత అన్నారు. ఆదోని నుంచి ఆమెకు వచ్చిన సంబంధం ఆ మాటతోనే వెనక్కి పోయింది. మళ్లీ ఏ సంబంధమూ రాలేదు. నేను చూస్తా కూర్చున్నాను.

నాలుగేండ్లకు కొడుకు పుట్టినాడు. వాని కండ్లలోకి చూడ్డానికే నాకు ధైర్యం లేదు. ఈరమ్మ చూసింది. నా పాపకు అట్లాయెనని, ఎవరూ చెప్పకుండానే, దినామూ పొద్దున్నే వాన్ని ఎత్తుకొని వాకిట్లో వెలుగుకు తిప్పి తిప్పి చూసేది. అయిదో నెలలో పరిగెత్తుకుంటా వచ్చింది. "వదినా, వీనికీ మెరుస్తాండాది. లెయ్, మద్రాసు పోదాం." తొందరగా వచ్చినారు కాబట్టి కన్ను తీయాల్సిన పని లేదన్నారు. కరెంటు వైద్యం, అదే రేడియేషన్, చేసినారు. ఈ పొద్దు వాడు ఆ కంటితోనే బడి పుస్తకాలు చదువుతాండాడు.

నేను మూసిపెట్టింది ఆమె కనిపెట్టింది. ఎవరి వల్ల ఆమె బతుకు అట్లాయెనో, వాళ్ల బిడ్డనే కాపాడింది. ఆమెకు ఎన్ని జన్మలు రుణపడినా తీరదు.

పోయిన నెల పాపకు సంబంధం వచ్చింది. రేపు దాని బిడ్డలను పుట్టినప్పటి నుంచే చూపించుకోవాలి. పాపకు తెలియాలి, వచ్చే అల్లునికి తెలియాలి. ఇంకొక "లేదు" నా నోట రాలేదు. ముందు మా ఆయనకు చెప్పినాను. ఆయన లేచి బయటికి పోయినాడు. పాప ఏడ్చింది. ఆఖరికి ఈరమ్మ దగ్గరికి పోయినాను. మగ్గానికి నూలు కండెలు చుడతాండాది. అంతా చెప్పినాను. రాట్నం ఆగిపోయింది.

"నా సంబంధం తప్పిపోయిన పొద్దు నువ్వు ఈ ఇంట్లోనే ఉంటివి గదా వదినా" అనింది.

"ఉన్నాను" అన్నాను.

ఆమె మళ్లీ రాట్నం తిప్పింది. క్షమించినానని అనలేదు, నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకేడుంది? కానీ ఆ పొద్దు, ఇన్నేండ్లకు, ఆమె ముఖంలోకి నేరుగా చూసినాను.