మీట పనిచేయని రోజు

కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు ఇచ్చోడలో మా కలప డిపో ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాడు. "ఉస్తాద్ పోయిండు పటేలా. పొద్దుగాల నమాజుకు లేచి కూసున్నడట. గట్లనే పోయిండు. పెద్దబిడ్డ నిజామాబాద్‌కెల్లి రావాలె. రేపు పొద్దుగాల మట్టి."

ఏ ఉస్తాద్ అని నేను అడగలేదు. మా రెండు జిల్లాల్లో మోటారు నడిపేవాళ్లందరికీ ఉస్తాద్ ఒక్కడే. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకున్న హక్కల్లా ఒకటే. ఒకప్పుడు ఆయన మాట వినడం నామోషీ అనుకున్నవాణ్ణి నేను.

ఆయన చిన్నప్పుడే హైదరాబాదు వెళ్లి, ఒక జాగీర్దారు గారేజీలో విదేశీ కార్ల పని నేర్చుకున్నారు. రాజ్యం మారి, జాగీర్లు పోయి, గారేజీ మూతపడ్డాక సొంతూరికి వచ్చి కరీంనగర్ బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు. పని మొదలుపెట్టే ముందు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కునేవారు. నేల మీద ఉతికిన దుప్పటి పరిచి, విప్పిన మరలన్నీ విప్పిన వరసలోనే పేర్చేవారు. ఎవరైనా తొందరపెడితే, "మర యాదికుంచుకోదు, మనమే ఉంచుకోవాలె" అనేవారు.

కలప కంట్రాక్టులు బాగా నడుస్తున్న రోజుల్లో నేను హైదరాబాదులో ఒక పాత అమెరికా కారు కొన్నాను. డ్రైవరు పక్కనున్న మీట నొక్కితే నాలుగు తలుపుల గుండీలూ ఒక్కసారే టక్కున కిందికి దిగి తాళం పడేది. ఇంకోవైపు నొక్కితే అన్నీ పైకి లేచేవి. అద్దాలు కూడా మీటలతోనే. ఊళ్లో పిల్లలు గుండీలు చూడ్డానికే వచ్చేవారు. నాకూ అది చూపించడం సరదాగానే ఉండేది.

ఏడాది తిరక్కుండానే వెనక ఎడమ తలుపు మొరాయించింది. ఉస్తాద్ తలుపు లోపలి అట్ట విప్పి నన్ను పిలిచారు. "జర ఇటు చూడుండ్రి పటేలా. గీ గొట్టం చుట్టు రాగితీగ చుట్టిండ్రు. కరెంటు పారితే గిది అయస్కాంతమైతది, నడుమనున్న ఇనుప కడ్డీని గుంజుతది. కడ్డీ పోయి తాళాన్ని గుంజుతది. కిందికి గుంజేటందుకు ఒక చుట్ట, మీదికి గుంజేటందుకు ఇంకొకటి. గంతే, ఇందుల జాదూ ఏం లేదు." తప్పు చుట్టలో లేదు. తలుపు తెరిచి మూసినప్పుడల్లా బందుల దగ్గర తీగ వంగి వంగి, రబ్బరు గొట్టం లోపలే తెగిపోయింది. కొత్త తీగ వేసి, అది వంగేచోట కొంచెం వదులుగా ఉంచారు.

అప్పుడే నేను ఇంకో పని చెప్పాను. అంతకు వారం ముందు, నడుస్తున్న కారులో మా నాలుగేళ్ల బిడ్డ గుండీ పైకి లాగి తలుపు తెరిచింది. మా ఆవిడ దాని గౌను పట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది. అందుకని వెనక తలుపుల గుండీలు, వాటి కింది కడ్డీలు కోసెయ్యమన్నాను. డ్రైవరు మీట ఒక్కటి ఉంటే చాలన్నాను.

ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. "గది నాతోని కాదు."

"ఎందుకు కాదు? కారు నాది."

"కారు మీదే పటేలా. కని కరెంటు నౌకరసొంటిది. నౌకరు రాని రోజు మన తలుపు మనమే తీసుకోవాలె. గా తొవ్వ నేను మూయ."

నేను కోపంతో ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్లి కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి, లావు తలల గుండీలు తీసి సన్నటివి బిగించారు. పిల్ల వేళ్లకు చిక్కవు, పెద్దవాళ్లు గోటితో పట్టి లాగితే వస్తాయి. బ్యాటరీ తీగ ఊడదీసి, నాతో వచ్చిన మా ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపులు తాళం వేశారు. "అమ్మా, ఇప్పుడు మీ అంతట మీరే బయటికి రాండ్రి" అంటున్నారు. ఆమె మూడోసారికి తీసుకుని బయటికొచ్చి నవ్వింది. ఎవరి కారు బాగుచేసినా ఆయన ఈ పరీక్ష పెట్టేవారని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నడిబజారులో నా పరువు తీశారనిపించింది. ఇంక ఆ షెడ్డు గడప తొక్కనని చెప్పి వచ్చేశాను.

ఆ వానాకాలం మా అవ్వను, అదే మా అమ్మను, ఆస్పత్రిలో చూపించి ఇచ్చోడకు తిరిగి వస్తున్నాం. ముందు డ్రైవరు, నేను. వెనక అవ్వ, మా ఆవిడ, బిడ్డ. నిర్మల్ దాటాక ఒక వాగు రోడ్డు మీదుగా పారుతోంది. మోకాలి లోతే కదా పోనియ్యమన్నాను. నడిమధ్యకు వెళ్లేసరికి నీరు పెరిగింది. ఇంజను ఆగిపోయింది. బయల్దేరేటప్పుడు తాళం వేసిన తలుపులు తెరవడానికి డ్రైవరు మీట నొక్కాడు. చప్పుడు లేదు. అద్దాల మీట నొక్కాడు. అదీ అంతే. కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయి, కారు మెల్లగా పక్కకు జరుగుతోంది. నేనూ చెయ్యి చాపి అదే మీట మళ్లీ మళ్లీ నొక్కాను.

వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "గాబరా పడకుండ్రి. నేను తీస్త." గోటితో గుండీ పట్టి పైకి లాగింది. నీరు పోయేవైపు తలుపును భుజంతో నెట్టింది. అది చూసి నేనూ నా వైపు గుండీ లాగాను. బిడ్డను నా మెడ మీదికెక్కించుకున్నాను. డ్రైవరు అవ్వను ఎత్తుకున్నాడు. అవతలి గట్టున ఎడ్లబండ్లవాళ్లు తాడు విసిరారు. మేం గట్టెక్కి ఊపిరి పీల్చుకునేలోపే కారు రోడ్డు దిగి వాగులోకి ఒరిగిపోయింది.

నాలుగో రోజు షెడ్డుకు వెళ్లాను. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. సంగతి ఆయనకు అప్పటికే చేరింది. స్టూలు దుమ్ము దులిపి నా ముందుకు జరిపారు.

"పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"అవ్వ?"

"నీ పేరు చెప్పి దండం పెట్టింది ఉస్తాద్."

"దండం కోడలికి పెట్టుమనుండ్రి. గుండీ తీసింది ఆమె." మళ్లీ ఆయనే, "కారు తీస్కరాండ్రి, చూద్దాం. ఎండితే ఇనుము మల్ల ఇనుమే" అన్నారు. ఆ కారు ఇంకా తిరుగుతోంది. ఆ తర్వాత ఏ పని మొదలుపెట్టినా, ఇది ఆగిపోతే మనుషులు ఎటు నుంచి బయటపడతారు అని అడగడం నాకు అలవాటైంది. అడవిలో నా దగ్గర పనిచేసే కూలీల లారీలకు కూడా అదే లెక్క.

మర్నాడు మట్టికి వెళ్లాను. కబరస్తాను బయట బస్సులు, లారీలు, జీపులు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ తలా పిడికెడు మట్టి వేసి వచ్చారు. వెళ్దామని బండ్లు స్టార్టు చేస్తే ఒక డాక్టరు గారి పాత జీపు మాత్రం కదల్లేదు. ముందు ఒక బస్సు డ్రైవరు దిగాడు. తర్వాత ఒక లారీ డ్రైవరు, ఆ వెనక ఇంకో ఇద్దరు. ఉతికిన తెల్లచొక్కాల చేతులు మోచేతుల దాకా మడిచి, బానెట్ ఎత్తి, తలలు లోపలికి పెట్టారు. మిగిలిన బండ్లన్నీ ఇంజన్లు ఆపుకుని, వరసగా ఎండలో అలాగే నిలబడ్డాయి.