రామయ్య తాళం వేసిన పెళ్ళిపెట్టె

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో వంట రామయ్యది ఒక వింత కథ. డ్రైవర్ల విశ్రాంతి గదుల దగ్గర వండిపెట్టే ఈ భీమిలి మనిషి యుద్ధకాలంలో ఓడమీద వంటవాడు. ఓడ మునిగాక పదమూడు రోజులు ప్రాణరక్షణ పడవలో బతికి, సముద్రం కనపడని ఊరు కావాలని ఏరికోరి ఇక్కడికొచ్చాడు. సముద్రం కనపడలేదు గానీ పడవ మాత్రం ఆయన బుర్రలోంచి దిగలేదు.

1949లో ఫిట్టర్ చిన్నారావు కొడుకు పెళ్ళికి ముప్ఫైమంది పొద్దుటి బండికి బొబ్బిలి బయల్దేరారు. దారి తిండి రామయ్యకి అప్పగించారు. పడవ తర్వాత ఇంతమంది తిండి తన చేతిలో పడటం ఇదే మొదలు. ఈసారి కొరత వచ్చిందా, తను మనిషే కాదనుకున్నాడు. పెద్ద పెట్టెలో పులిహోర, జంతికల పక్కనే పడవలో ఉండాల్సిన సరుకంతా సర్దాడు: గట్టి బిస్కట్లు, పాలడబ్బాలు, గాలాలు, గొడ్డలి, పొంగే అలలు అణిగేలా వాటిమీద పొయ్యడానికి సీసాడు నూనె. ఆపైన తాళం వేశాడు.

మందిర్ హసౌద్ దాటగానే పిల్లలు ఆకలని మొదలెట్టారు, మహాసముంద్ దాటాక పెద్దలు.

"తొలిరోజు ఎవులికీ ఏటీ పెట్టకూడదు. పడవ రూలు," అన్నాడు రామయ్య.

"రాత్రికల్లా బొబ్బిలి చేరిపోతాం కదా!"

"ఓడ కూడా చేరిపోతాదనే బయల్దేరినాది బాబూ."

స్టేషన్లో కొందామంటే చిన్నారావుకి పరువు అడ్డొచ్చింది. పెళ్ళివారు పకోడీలకి ఎగబడ్డారంటే ఎంత నామర్దా! చివరికి ఆయనకే కడుపు మండింది.

"గొడ్డలి తెండ్రా, ఈ తాళం బద్దలుకొట్టేస్తాను!"

"గొడ్డలి పెట్లోనే ఉంది బాబూ."

టిట్లాగఢ్ దాటాక పెళ్ళికొడుకు నాయనమ్మ అప్పలనరసమ్మ లేచొచ్చి పెట్టెముందు చతికిలబడింది. "ఏట్రా రామయ్యా, మన రైలు ములిగిపోనాదేటి?"

అందరూ నవ్వారు. రామయ్య నవ్వలేదు.

"పడవలో తొలిరోజు జాలిపడి అందరికీ పెట్టేసినానమ్మా. పదోరోజు నాతోపాటు పడవలో ఉన్న మా అన్న అడిగితే నాకాడ ఏటీ నేదు. ఇంకేటి సెప్పమంటావు?"

ముసలమ్మ చెయ్యి చాపింది.

"ఆడికి పెట్టనేకపోనాది నాకు పెట్టు నాయనా."

రామయ్య తాళం తీశాడు. ఏడుస్తూనే వడ్డించాడు, కొలత లేకుండా వడ్డించాడు. రాయగడ వచ్చేసరికి పెట్టెలో గాలాలూ, గొడ్డలీ, నూనె సీసా మిగిలాయి. అప్పలనరసమ్మ మళ్ళీ చెయ్యి చాపింది.

ఏళ్ళ తరబడి ఏ మాటకి భయపడ్డాడో ఆ మాటే అనాల్సొచ్చింది. "అయిపోనాదమ్మా."

"అయిపోతే పోనీరా," అంది ముసలమ్మ, చాపిన చేతిని ఆయన భుజంమీద వేసి. "అవునుగానీ, నువ్వు తిన్నావేటి?"