ముక్త్యాల రేవులో నేను రాసిన పంచనామా

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి ఫోను చేసి, వచ్చే నెలలో సింగపూరు నుంచి బయలుదేరే విహారనౌకలో మా అందరికీ గదులు తీసుకున్నదని చెప్పి, ఓడవారు పంపిన నిబంధనలు చదివి వినిపించింది. నిబంధనలంటే నాకు మొదటినుంచీ గౌరవం కనుక కాగితం, కలం తీసుకుని వరుసగా రాసుకుంటూ కూర్చున్నాను. ఆరవది వచ్చేసరికి కలం ఆగిపోయింది. పెద్దవారు ఒక్కొక్కరు తమకు నచ్చిన వైను ఒక సీసా ఎంచుకుని వెంట తెచ్చుకోవచ్చునట.

"మావయ్యా, మీరెలాగూ ముట్టరు కదా, మీ వాటాది మేం తాగేస్తాంలెండి. కాకపోతే మీ బ్యాగులోనే పెట్టాలి. ఏ వైనో మీరే సెలక్ట్ చెయ్యండి, సరదాగా ఉంటుంది" అని నవ్వింది ఆ పిల్ల.

ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను. ఉద్యోగ విరమణ చేసి ఏళ్లు గడిచిన మనిషి, చట్టం అనుమతించిన ఒక సీసా మాట వినగానే ఇంతగా కంగారుపడడమేమిటని మా ఆవిడ వింతగా చూసింది. ఆమెకూ నేను ఎన్నడూ చెప్పలేదు. నా ఈడువారు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులో ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పటికి నాకు నందిగామలో సైన్సు ఉపాధ్యాయుడిగా ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర అయింది. శిక్షణ పూర్తిచేసుకుని ఎన్నో ఏళ్లు ట్యూషన్లు చెప్పుకుంటూ ఎదురుచూసి, ఇక వయోపరిమితి దాటిపోతుందన్న తరుణంలో దొరికిన ఉద్యోగమది. ప్రొబేషను ఇంకా ముగియలేదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా, ఒక్క కేసులో పేరెక్కినా ఇంటికి పంపించివేస్తారన్న భయం నాకు నిద్రలో కూడా ఉండేది. బడికి గంట కొట్టడానికి పావుగంట ముందు చేరేవాడిని, హాజరుపట్టీలో ఒక్క కొట్టివేత లేకుండా చూసుకునేవాడిని, ప్రయోగశాలలో ప్రతి సీసా మీదా పదార్థం పేరు, తేదీ, నింపినవారి పేరు రాసి అతికించేవాడిని.

మా అక్కను జగ్గయ్యపేటలో ఇచ్చారు. బావగారు అక్కడొక సిమెంటు ఫ్యాక్టరీలో అయిదేళ్లుగా తాత్కాలికపు పనిలోనే ఉన్నారు. ఆయనను స్థిరపరచే కాగితం మేనేజరుగారి బల్ల మీద ఉంది. ఆ మేనేజరుగారు వచ్చే మంగళవారం పదవీ విరమణ చేయబోతున్నారు. ఆయన పడమటి సముద్రతీరం నుంచి వచ్చిన పెద్దమనిషి. తమ ప్రాంతంలో పడవ విహారానికి వెళ్లేటప్పుడు ఎవరికి నచ్చిన వైను వారు ఎంచుకుని వెంట తీసుకువెళతారనీ, ఇక్కడ గడపబోయే చివరి ఆదివారం నాడు నీటి మీద అలాంటి గ్లాసు ఒక్కటి చేతిలో ఉంటే బాగుండుననీ ఆయన మాటవరసకు అన్నారట. సిబ్బంది కలిసి ముక్త్యాల రేవు నుంచి అమరావతి దాకా కృష్ణ మీద లాంచీ ఏర్పాటు చేశారు. వైను సంగతి తాను చూసుకుంటానని మా బావగారు నోరు జారారు.

శనివారం నాడు దిద్దవలసిన జవాబుపత్రాలు సంచిలో వేసుకుని నేను పేట చేరేసరికి అక్క గుమ్మంలోనే పట్టుకుంది. వైద్యుడొకాయన దగ్గర సరుకు ఉందనీ, తెలిసినవాళ్లకే ఇస్తాడనీ, మర్నాడు ఉదయాన్నే వెళ్లి మంచిది ఎంచి, రేవుకు విడిగా ఆటోలో తెచ్చి ఇమ్మనీ అడిగింది. ఫ్యాక్టరీ వ్యానును దారిలో తప్పకుండా తనిఖీ చేస్తారట.

నేను ససేమిరా అన్నాను. అక్క కళ్లనీళ్లు పెట్టుకోలేదు, బతిమాలనూ లేదు. పప్పు రుబ్బుతూ తలెత్తకుండా, "నువ్వు మాష్టారివిరా. నీ సంచి ఎవడు విప్పుతాడు? మీ బావ సంచైతే సెంటర్ దాటకుండానే విప్పిస్తారు. అయిదేళ్లయింది, ఇంకో అయిదేళ్లు ఇలాగే ఉండమంటావా, చెప్పు" అంది. నా చదువు కోసం తన చదువు ఎనిమిదవ తరగతిలో మానుకున్న మనిషి ఆమె. ఆ మాట ఆమె అనలేదు; అనకపోవడమే నన్ను ఒప్పించింది.

ఆ వైద్యుడు వృద్ధుడు. లోపలి గదిలో ఆసవాల జాడీల వెనుక మరో మూడు జాడీలు చూపించాడు. ఒకటి నల్ల ద్రాక్షతో, ఒకటి ఎండు ద్రాక్షతో, ఒకటి నేరేడు పళ్లతో చేసినవి. "ఎవరికి నాయనా, నీకేనా?" అని అడిగాడు. కాదండీ, మా బావగారి పై అధికారికండీ అన్నాను. "ఇక్కడికొచ్చే వాళ్లందరూ పక్కవాళ్లకేనంటారులే" అని బోసినోటితో నవ్వాడు. రుచి చూసి ఎంచుకోమన్నాడు. నేను చుక్కైనా నాలుకకు తగలనివ్వనని చెప్పి, మూడింటినీ వేరువేరు గాజు గ్లాసులలో పోయించి, కిటికీ వెలుతురులో పైకెత్తి పరీక్షించాను. మొదటి రెండింటిలో మడ్డి తేలుతోంది. నేరేడు రసం మాత్రం పలుచని పట్టు గుడ్డలా వెలుతురును అడ్డు లేకుండా పోనిచ్చింది. మా బావగారి భవిష్యత్తును నిర్ణయించే వైనును నేను ఆ విధంగా, బడిలో ద్రావణాలను పరీక్షించినట్లు ఎంచాను.

అంతటితో ఆగినా బాగుండేది. సీసా బిరడా బిగించగానే చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని కలాన్ని తీసింది. వైద్యుడి దగ్గర చీటీ, జిగురు అడిగి తీసుకుని, నేరేడు రసం అనీ, తేదీ, దాని కింద నా పూర్తి పేరు, మా బడి పేరు రాసి శుభ్రంగా అతికించాను. ఆటో ఎక్కి, సీసాను జవాబుపత్రాల కింద దాచి, సంచిని రెండు పాదాల మధ్య పెట్టుకున్న తరువాత గాని నేను చేసిన పని నాకు తెలిసిరాలేదు. సంచిలోకి చెయ్యి దూర్చి గోటితో ఆ చీటీని గీకడం మొదలుపెట్టాను. జిగురు గట్టిది, ఊడలేదు.

అదే ఆటోలో ఫ్యాక్టరీ క్యాంటీను వంటాయన కూడా ఎక్కాడు. పులిహోర గుండిగ, మజ్జిగ బిందె కాళ్ల దగ్గర సర్దుకుని, నన్ను గుర్తుపట్టి నమస్కారం చేశాడు. లావుపాటి మనిషి, నవ్వు మొహం. "మీరుండగా మన బండి ఎవడాపుతాడండీ మాష్టారూ! ఇవ్వాళ నేను నిశ్చింతగా కునుకు తీస్తా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా సీసా సంచిలోని నా టిఫిను డబ్బాకు తగిలి టంగుమనేది. ఆ చప్పుడు నందిగామ దాకా వినిపిస్తున్నట్లు నాకు అనిపించేది. వంటాయన ఒకసారి నా సంచి వైపు చూసి, మళ్లీ నా ముఖం వైపు చూసి, కళ్లు మూసుకున్నాడు.

రేవుకు ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగా హెడ్డు కానిస్టేబులు చెయ్యెత్తాడు.

పులిహోర గుండిగ మూత తీసి చూశాడు. మజ్జిగ బిందెలో గరిటె వేసి కలిపాడు. అడుగున ఏదో ఖణేలుమంది. "ఏం బాబాయ్, మీ క్యాంటీన్లో మజ్జిగలో గాజు కూడా వేస్తారా?" అని చొక్కా చెయ్యి మడిచి, లోపల నుంచి సగం నిండిన సారా సీసా పైకి తీశాడు. వంటాయన ముందు నా వైపు చూశాడు, తరువాతే హెడ్డు వైపు చూశాడు.

హెడ్డు నా వైపు తిరిగాడు. సంచి పట్టుకుని దిగబోయాను. నా ఉద్యోగం, అక్క ముఖం, చీటీ మీద నా పేరు ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచాయి. "మీరెవరండీ?" అన్నాడు. నందిగామలో ఉపాధ్యాయుడినని చెప్పాను. వెంటనే ఆయన కంఠం మారిపోయింది. "అయ్యో, మాష్టారా! కూర్చోండి, కూర్చోండి. మీ సంచి అలా ఉండనివ్వండి. మీ బోటివారు దొరకడమే మా అదృష్టం. రైటరు సెలవులో ఉన్నాడు, నా రాత నాకే అర్థం కాదు. మీరే కాస్త పంచనామా రాసి సాక్షి సంతకం పెడుదురూ" అని కాగితాలు నా ఒళ్లో పెట్టాడు.

నేను రాశాను.

పాదాల మధ్య నేరేడు వైను సీసా ఉండగా, పక్క మనిషి దగ్గర దొరికిన సీసాను గురించి రాశాను. భయం కనబడకూడదన్న పట్టుదలతో అక్షరాలను మామూలుకంటే మరింత గుండ్రంగా దిద్దాను. ప్రదేశం, సమయం, ఆటో వచ్చిన దిక్కు, బిందె కొలత, సీసా రంగు, బిరడా తీరు, ద్రవం ఎంతవరకు ఉన్నదీ, వాసన ఎలా ఉన్నదీ, ఒక్క అంశం విడవకుండా వరుసక్రమంలో రాశాను. మధ్యలో వంటాయన మెల్లగా, "మా ఆవిడ మోకాళ్లకి రాయడానికండీ. ఆ మాట కూడా రాయండి మాష్టారూ" అన్నాడు. హెడ్డు, "అవన్నీ కోర్టులో చెప్పుకోవయ్యా" అన్నాడు. నేను ఆ మాట రాయలేదు. పంచనామాలో నిందితుడి సంజాయిషీకి చోటు లేదని నాకు నేను చెప్పుకున్నాను. నా దగ్గరా ఒకటి ఉందని చెప్పడానికి నోరు తెరిచాననీ, గొంతులో తడి లేక మాట రాలేదనీ చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజం అది కాదు. నేను నోరు తెరవనే లేదు.

వంటాయనను వాళ్లు తీసుకుపోయారు. గుండిగ, బిందె నేనే లాంచీకి చేర్చాను.

లాంచీలో బావగారు సీసా బయటికి తీసి, చీటీ మీద నా పేరు, బడి పేరు పైకి చదివితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మేనేజరుగారు గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, ఇంత తేటగా ఉన్నది తమ తీరంలో కూడా దొరకడం కష్టమని మెచ్చుకున్నారు. వంటాయన ఏడని ఒకరిద్దరు అడిగారు. దారిలో పోలీసులు పట్టుకున్నారని చెప్పాను. నా పంచనామా సంగతి చెప్పలేదు. కృష్ణ మీద ఆ పూట గాలి చల్లగానే వీచి ఉంటుంది. ఒడ్డున ఖాకీ రంగు ఏదైనా కనబడుతుందేమోనని చూస్తూ కూర్చోవడం తప్ప నాకేమీ గుర్తులేదు.

మంగళవారం నాటికి బావగారి కాగితం మీద సంతకం పడింది. అక్క సున్నుండలు చేసి నందిగామ పంపింది. వంటాయనను ఫ్యాక్టరీవారు తీసివేశారు.

కొన్ని నెలల తరువాత కోర్టుకు పిలుపు వచ్చింది. బోనులో నిలబడి, ఆ దస్తూరి నాదేనని, ఆ సంతకం నాదేనని చెప్పాను. వంటాయన ఏ క్షణంలో నా సంచి మాట ఎత్తుతాడోనని ఆయన పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఆటోలో ఆ టంగుమన్న చప్పుడు ఆయన వినకపోలేదు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏమీ అనలేదు. మామూలుగా ఇటువంటి కేసులలో పంచనామాల్లో ఏదో ఒక లొసుగు దొరుకుతుందనీ, దీనిలో మాత్రం వేలు పెట్టడానికి సందు లేదనీ ఆయన తరఫు వకీలు వరండాలో ఎవరితోనో అంటూ ఉంటే విన్నాను. శిక్ష పడింది. అవతలి సంవత్సరం నా ప్రొబేషను పూర్తయింది. ఆ తరువాత ఎంతో కాలం కాకుండానే నిషేధమూ సడలింది. ఏ తప్పుకు ఆయన జైలుకు వెళ్లాడో, ఇంచుమించు ఆ పనినే హైవే మీద మద్యం దుకాణాలు దీపాలు పెట్టుకుని చేయడం మొదలైంది.

చాలా ఏళ్లకు కంచికచర్లలో బస్సు మారుతుంటే ఎవరో మాష్టారూ అని పిలిచారు. రోడ్డు పక్క ఇడ్లీ బండి, దాని వెనుక బాగా చిక్కిపోయిన ఆ వంటాయన. బల్ల తుడిచి కూర్చోబెట్టి, రెండు ఇడ్లీ, అల్లం పచ్చడి పెట్టాడు. వాళ్లావిడ కిందటి ఏడు పోయిందని చెప్పాడు. నేను ఆ రోజు సంగతి చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుంటున్నంతలో ఆయనే ఆ మాట ఎత్తాడు.

"ఆ రోజు మీరుండబట్టి సరిపోయిందండీ మాష్టారూ. లేకపోతే నన్ను అక్కడే చితగ్గొట్టేవాళ్లండీ. చదువుకున్నాయన చూస్తున్నాడని వాళ్లు నా మీద చెయ్యెయ్యలేదు" అన్నాడు.

ఆయన ముఖంలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెదికాను. లేదు. అంతా తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నేను అడగలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇప్పుడు ఓడ ఎక్కేచోట ప్రతి సంచినీ యంత్రంలో పెట్టి చూస్తారట. నువ్వెవరు, ఏం చేస్తావని ఎవరూ అడగరట. ఉపాధ్యాయుడనగానే గౌరవించి పక్కకు తప్పుకునే రోజులు పోయాయని మన తరం వారు ఎక్కడ కలిసినా బాధపడుతూ ఉంటారు, నేనూ తలూపుతూనే ఉంటాను. కాని ఆ గౌరవం ఒకసారి నా సంచి మీద కప్పిన గుడ్డ అయిందని, దాని కింద నేను దాక్కున్నానని నాకు తెలుసు. ఆ హెడ్డు నా సంచి కూడా విప్పి ఉంటే, పోలీసు స్టేషను బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఉండేవాళ్లం. వంటాయనకు వాళ్లావిడ మోకాళ్ల మాట రాసిపెట్టే మనిషి దొరికేవాడో లేదో గాని, తోడు మాత్రం దొరికేది. అలా జరిగి ఉండవలసిందని ఈ వయసులో తీరికగా అనుకుంటున్నాను. అయినా మళ్లీ ఆ కాగితాలు ఒళ్లో పెడితే రాయనని గట్టిగా చెప్పే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.